అరిస్తే వినపడదు

"అమ్మా, నీ మేనకోడలి గొంతు మైనస్ ఆరులో వుంది. అయినా సరిపోవటం లేదు," అన్నాడు మావాడు వెనకగదిలోంచి.

నా చేతిలో పోపుగరిటె అలాగే ఆగిపోయింది. బ్యాంకు పుస్తకంలో మైనస్ అంటే తెలుసు. కాశ్మీరులో చలి మైనస్‌లోకి దిగిందని వార్తల్లో వింటూనే వుంటాం. కానీ గొంతు మైనస్ ఆరేమిటండీ! సున్నా అంటేనే ఏమీ లేనట్టు కదా. సున్నాకంటే ఆరు తక్కువున్న గొంతు ఇల్లంతా ఖంగుమని ఎలా మోగుతోంది?

నేను బి.ఏ. చదివినదాన్ని, అదీ చరిత్ర. లెక్కలకీ నాకూ పదోతరగతితోనే తెగతెంపులైపోయాయి. కొలతలూ తూనికలూ అక్కర్లేని కన్నీళ్ళతో, నిట్టూర్పులతో నవలలు రాసుకుంటూ కాలక్షేపం చేస్తున్నాను. అయినా ఆ 'మైనస్ ఆరు' నన్ను వదల్లేదు. దాని వెంటపడి ఎడింబరో నుంచి విశాఖపట్నం దాకా పుస్తకాల్లో తిరిగి తిరిగి, చివరికి మా వంటింటి గుమ్మం దగ్గరే వచ్చి ఆగాను. మా అత్తగారి పక్కన.

ముందు అసలు సంగతి చెప్పాలి. మా ఆడపడుచు కూతురికి పెళ్ళి కుదిరింది. పిల్లకి పాట వచ్చు. చిన్నప్పుడు సెలవులకొచ్చినప్పుడల్లా అమ్మమ్మ దగ్గర, అంటే మా అత్తగారి దగ్గర, నేర్చుకున్న మంగళహారతుల్లో ఒకదాన్ని తనే పాడి, రికార్డు చేయించి, పెళ్ళిలో వినిపించాలని సరదా పడింది. మావాడు చదివేది ఇంజనీరింగే గాని, చదువుకన్నా పాటల రికార్డింగు మీద ధ్యాస ఎక్కువ. గదిలో ప్రతిధ్వని రాకూడదని ఇంట్లో వున్న బొంతలూ దుప్పట్లూ అన్నీ గోడలకి వేలాడదీశాడు. పిల్ల పాడింది. వాడి స్నేహితుల్లో ఒకడు వయొలిన్, ఇంకొకడు మృదంగం, వీడు కీబోర్డు. ఒక్కొక్కటీ విడివిడిగా రికార్డు చేసి, రెండు స్పీకర్ల ముందు కూర్చుని, దేని పాలు ఎంత వుండాలో చూసి కలపటాన్ని మిక్సింగ్ అంటారట. సాంబారుపొడికి ధనియాలెన్ని, మెంతులెన్ని అని చూసుకోవటం లాంటిదే అనుకున్నాను.

పాట తయారైంది. నానమ్మని తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టి వినిపించాడు. ఆవిడ కళ్ళు మూసుకుని శ్రద్ధగా చివరిదాకా విని, "మద్దెల బావుందిరా. ఇంతకీ పిల్లెప్పుడు పాడుతుంది?" అంది.

అందరం గొల్లుమన్నాం. మరుక్షణంలో ఆవిడ మొహం చూసి నోళ్ళు మూసుకున్నాం. ఆవిడ హాస్యానికి అనలేదు.

ఇక్కడ నేనొక నిజం ఒప్పుకోవాలి. మూడేళ్ళుగా మా అత్తగారిమీద నాకొక లోపలి ఫిర్యాదు వుంది. మావారు హాల్లో పేపరు చదువుకుంటూ, "అమ్మా, మందు వేసుకున్నావా?" అని మామూలుగా అడిగితే "ఆఁ" అని జవాబొస్తుంది. అదే మాట నేను మూడుసార్లు అడిగినా "ఏవిటీ?" అంటుంది. కొడుకు మాట చెవికెక్కుతుంది, కోడలి మాట ఎక్కదు! ఈ సంగతి ఎవరితో చెప్పుకోను? చెబితే ఏ ఇంట్లోనైనా ఇంతేనంటారు. ఒకసారి "పాలు పొంగాయి అత్తయ్యా" అన్నాను. "కాళ్ళు పొంగాయా? ఉప్పు తగ్గించమ్మా" అని కంగారుపడిపోయింది. అప్పుడు నవ్వొచ్చింది. ఇంకోసారి మాత్రం ఓపిక లేక గొంతు చించుకున్నాను. ఆవిడ నెమ్మదిగా, "అరవకమ్మా, వినపడుతూనే వుంది. ఏమంటున్నావో తెలియటం లేదు," అంది. అది దెప్పిపొడుపనుకున్నాను. ఆ తర్వాత ఆవిడ హాల్లోకి రావటం తగ్గించింది. నలుగురూ కూర్చుని మాట్లాడుకుంటుంటే ఏదో పనున్నట్టు లేచి వెళ్ళిపోయేది. నేనదీ కోపమే అనుకున్నాను.

వినపడటం వేరు, తెలియటం వేరు అని ఆవిడ అంత స్పష్టంగా చెప్పింది. ఆ ముక్కకి అర్థమేమిటో తెలుసుకోవటానికి నేను చరిత్ర పుస్తకాలు తిరగెయ్యాల్సి వచ్చింది.

శబ్దానికి రెండు కొలతలున్నాయి. ఒకటి సన్నదనమో బొంగురుదనమో చెప్పేది. రెండోది పెద్దదో చిన్నదో చెప్పేది. మనం మాటల్లో రెంటినీ కలగాపులగం చేస్తాం. "గొంతు పెంచు" అంటాం. శ్రుతి పెంచాలా, జోరు పెంచాలా? స్పీకర్ల ముందు కూర్చునేవాడు మాత్రం ఈ రెంటినీ వేరువేరు డబ్బాల్లో పెట్టుకోవాలి.

మొదటిది ఫ్రీక్వెన్సీ. మన పాఠ్యపుస్తకాల్లో పౌనఃపున్యం అని నోరు తిరగని పేరు పెట్టారు గాని, విడదీసి చూస్తే 'పునః పునః', మళ్ళీ మళ్ళీ అనేగా! తంబురా తీగ మీటితే సెకనుకి ఎన్నిసార్లు అటూ ఇటూ కదిలిందో, అన్ని. పూర్వం సెకనుకి ఇన్ని సైకిళ్ళు అని రాసేవారు. 1930లో ఆ కొలతకి హైన్రిచ్ హెర్ట్జ్ పేరు పెట్టారు. ఆయన జర్మన్. రేడియోకి ఆధారమైన విద్యుదయస్కాంత తరంగాలు నిజంగా వున్నాయని 1887, 88 సంవత్సరాల్లో ప్రయోగాలు చేసి నిరూపించాడు. పాపం, 1894లో ముప్ఫయ్యారేళ్ళకే పోయాడు. తన పేరు ప్రతి రేడియో మీదా వుండబోతోందని ఆయనకి తెలియదు.

మంచి వయసులో వున్న మనిషి చెవికి 20 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా వినపడుతుంది. మగవారి మాట అడుగు శ్రుతి సుమారు 120 దగ్గర, ఆడవారిది 200 దగ్గర. కానీ ఏ శబ్దమూ ఒంటరిగా రాదండీ. అడుగు శ్రుతి వెంట దాని రెట్టింపు, మూడింతలు, నాలుగింతలు, ఇలా ఒక ఊరేగింపే వస్తుంది. ఆ ఊరేగింపులో ఎవరు ముందు, ఎవరు వెనక అన్నదాన్నిబట్టే అది వీణో, వయొలినో, మా మేనకోడలి గొంతో గుర్తుపడతాం.

మామూలుగా చర్మం బిగించిన వాద్యాలకి ఈ ఊరేగింపు క్రమంలో వుండదు. అందుకే చాలా దేశాల డోళ్ళు చప్పుడు చేస్తాయిగాని శ్రుతిలో పలకవు. మన మృదంగం, తబలా ఎందుకు పలుకుతాయి? చర్మం మధ్యన అద్దిన నల్లటి ముద్ద వల్ల అని శాస్త్రంగా చెప్పినవాడు సి. వి. రామన్. తన సహచరుడు శివకాళీకుమార్‌తో కలిసి 1920లో 'నేచర్' పత్రికలో ఆ వ్యాసం రాశాడు. నోబెల్ బహుమతి తర్వాత పదేళ్ళకి వచ్చింది. రామన్ పుట్టింది తిరుచిరాపల్లిలోనైనా, తండ్రి విశాఖపట్నంలో కాలేజీ అధ్యాపకుడు కావటంతో బాల్యమంతా విశాఖ సముద్రం ఒడ్డునే గడిచింది. తంబురా తీగ కింద మనవాళ్ళు పెట్టే చిన్న దారప్పోగు పైస్థాయి ధ్వనుల్ని ఎలా మేల్కొలుపుతుందో కూడా ఆయన పరిశోధించాడు. పేరు తెలియని వాద్యకారులెవరో చెవితో తూచి పెట్టిన ముద్దకీ, దారానికీ ఆయన లెక్క చెప్పాడన్నమాట.

ఇన్ని రకాల అలల్ని ఒక్క స్పీకరే పలకలేదు. బొంగురు ధ్వనులకి వెడల్పాటి బొర్ర కావాలి. సన్నటివాటికి చిన్నది, చురుగ్గా కదిలేది కావాలి. అందుకే పెద్దదాన్ని 'ఊఫర్' అన్నారు, కుక్క అరుపుని తలచుకుని. చిన్నదాన్ని 'ట్వీటర్' అన్నారు, పిట్ట కూతని తలచుకుని. ఇంత పెద్ద శాస్త్రంలో పేర్లు పెట్టింది మాత్రం ఎవరో చంటిపిల్లల తండ్రి అయివుంటాడని నా అనుమానం!

ఇక రెండో కొలత డెసిబెల్. నా 'మైనస్ ఆరు' దాక్కున్నది ఇక్కడే.

దీని పుట్టిల్లు టెలిఫోను కంపెనీ. తీగ పొడుగయ్యేకొద్దీ మాట నీరసించిపోతుంది. ఎంత నీరసించిందో చెప్పుకోవాలిగా? అమెరికాలో బెల్ వారి ఇంజనీర్లు మొదట 'ఒక మైలు ప్రామాణిక కేబుల్' అనే కొలత వాడుకున్నారు. ఒక మైలు తీగలో మాట ఎంత తగ్గుతుందో అంత. చెవి గుర్తుపట్టగలిగిన అతి చిన్న తేడా కూడా సుమారు అంతే కావటంతో అది బాగా అతికింది. మన పల్లెల్లో 'కూతవేటు దూరం' అంటాంగా! గొంతుతో దూరాన్ని కొలిచాం మనం. వాళ్ళు దూరంతో గొంతుని కొలిచారు. 1924లో ఆ మైలుని తీసేసి, లెక్కకి సుళువైన కొత్త కొలత పెట్టారు. 1928 నాటికి దానికి డెసిబెల్ అని నామకరణమైంది. అలెగ్జాండర్ గ్రాహంబెల్ పేరుమీద 'బెల్', అందులో పదోవంతు డెసిబెల్.

ఈ కొలత కూడికలతో నడవదు, హెచ్చవేతలతో నడుస్తుంది. ఎందుకంటే మన ఇంద్రియాలే అలాంటివి. చీకటి గదిలో ఒక దీపం పక్కన రెండోది వెలిగిస్తే వెంటనే తెలుస్తుంది. దీపావళినాడు నూరు దీపాల వరసలో నూటొకటోది పెడితే ఎవరికి తెలుస్తుంది? ఈ సంగతినే జర్మనీలో లైప్‌జిగ్ పండితుడు ఫెక్నర్ 1860లో పుస్తకంగా రాశాడు. ఇలాంటి హెచ్చవేతల్ని కూడికలుగా మార్చే చిట్కాని, లాగరిథమ్స్‌ని, 1614లోనే జాన్ నేపియర్ కనిపెట్టి వున్నాడు. నేపియరూ ఎడింబరోవాడే, బెల్లూ ఎడింబరోవాడే. ఇద్దరికీ మధ్య మూడు శతాబ్దాలు. చివరికి ఒకాయన లెక్కా, ఒకాయన పేరూ కలిసి డెసిబెల్ అయ్యాయి.

మనకర్థమయ్యేట్టు చెప్పుకుందాం. పేరంటంలో ఒక్కరు పాడుతుంటే, అంతే గొంతున్న ఇంకొకరు కలిశారు. శక్తి రెట్టింపు, కానీ పెరిగింది 3 డెసిబెల్సే. పదిమంది కలిసి పాడితే పెరిగింది 10. చెవికి మాత్రం పదింతలుగా కాదు, సుమారు రెండింతలుగానే తోస్తుంది. వంద వాట్ల స్పీకరు చాలదని రెండొందల వాట్లది కొంటే డబ్బు రెట్టింపు పోతుంది, వచ్చేది ఆ 3 డెసిబెల్సే. చెవికి వినపడీ వినపడని చప్పుడుకీ, భరించలేక చెవులు మూసుకునే 120 డెసిబెల్స్ చప్పుడుకీ మధ్య శక్తిలో తేడా లక్షకోట్ల రెట్లు. అంత కొండని మూడంకెల్లో ఇమిడ్చిందంటే ఈ కొలత గడుసుదే.

అన్నిటికంటే నన్నాకర్షించింది ఇంకొకటి. డెసిబెల్ అనేది ఒంటరిగా ఏమీ చెప్పదు. అది పోలిక. "మీ కోడలు మంచిదా?" అంటే "దేంతో పోలిస్తే?" అనే పెద్దావిడలాంటిది. గాలిలో చప్పుడు కొలిచేటప్పుడు, ఆరోగ్యంగా వున్న చెవికి అందే అతి సన్నని చప్పుడుని సున్నా అనుకుని పైకి లెక్కపెడతారు. మావాడి కంప్యూటర్లో అలా కాదు. ఆ యంత్రం మొయ్యగలిగిన గరిష్ఠమే అక్కడ సున్నా. అది నేల కాదు, ఇంటికప్పు! 'మైనస్ ఆరు' అంటే కప్పుకి ఆరు మెట్లు కింద వుందని. కప్పు దాటితే అలల తలలు తెగిపోయి ధ్వని గరగరలాడుతుంది. నా చిక్కు విడిపోయింది. మైనస్ అంటే లేమి కాదు, తలెత్తుకోవటానికి మిగిల్చుకున్న చోటు.

మరి గొంతు కప్పుదాకా ఎక్కించినా సరిపోవటం లేదని మావాడెందుకన్నాడు? నానమ్మకెందుకు వినపడలేదు?

దీనికి జవాబులో సగం 1933లో వుంది. బెల్ ప్రయోగశాలలో హార్వీ ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు, మనుషుల్ని కూర్చోబెట్టి, రకరకాల ఫ్రీక్వెన్సీల ధ్వనులు వినిపిస్తూ, 1,000 హెర్ట్జ్ ధ్వనితో సమానంగా తోచాలంటే ఒక్కోదాన్ని ఎంత పెంచాలో రాసుకున్నారు. తేలిందేమంటే, చెవి పక్షపాతి! 2,000 నుంచి 5,000 దాకా వున్నవాటిని ముద్దుగా చేరదీస్తుంది. బాగా అడుగున వున్నవాటిని, బాగా పైన వున్నవాటిని దూరంగా వుంచుతుంది. అందులోనూ చప్పుడు తగ్గేకొద్దీ ఈ పక్షపాతం పెరుగుతుంది. పాత టేప్‌రికార్డర్ల మీద 'లౌడ్‌నెస్' అని ఒక మీట వుండేది, జ్ఞాపకముందా? మా చిన్నప్పుడు అది ఎందుకో తెలియక ఊరికే నొక్కుతుండేవాళ్ళం. తక్కువ సౌండులో పాట వింటున్నప్పుడు చెవి వదిలేసే అడుగు ధ్వనుల్ని పెంచి ఇవ్వటానికట అది. ఇందుకే అనుభవమున్నవాళ్ళు పాటని ఒకే సౌండులో మిక్స్ చెయ్యరు. గట్టిగా పెట్టి కలిపితే అడుగు ధ్వనులు నిండుగా వున్నట్టే తోస్తాయి. ఇంటికొచ్చి నెమ్మదిగా వింటే పాట పలచటి మజ్జిగ అయిపోతుంది.

ఆ 1933లోనే ఏప్రిల్ 27న ఒక వేడుక జరిగింది. ఫిలడెల్ఫియాలో వాద్యబృందం వాయిస్తుంటే, మూడు టెలిఫోను దారుల మీద ఆ సంగీతాన్ని వాషింగ్టన్ తీసుకెళ్ళి అక్కడి సభలో మూడు పెద్ద స్పీకర్ల గుండా వినిపించారు. ఆ బృందం పెద్ద స్టొకోవ్‌స్కీ ఆరోజు బెత్తం పట్టుకోలేదు. వాషింగ్టన్‌లో మీటల ముందు కూర్చుని ఎక్కడ పెంచాలో, ఎక్కడ తగ్గించాలో చూసుకున్నాడు. మా వెనకగదిలో బొంతల మధ్య కూర్చున్న కుర్రాడి వంశవృక్షం అక్కడికి పోతుందంటే నాకు కొంచెం గర్వంగానే వుంది.

జవాబులో రెండో సగం మన ఆడవాళ్ళకి సంబంధించింది. మాటలో అచ్చులది అడుగు భాగం, బలం వాటిది. హల్లులది పై భాగం, అర్థం వాటిది. 'స', 'శ', 'ఫ'లాంటి వాటి బలమంతా 4,000కి అటూ ఇటూ, ఇంకా పైనా వుంటుంది. పాత టెలిఫోను తీగ 300 నుంచి 3,400 హెర్ట్జ్ మాత్రమే మోసేది. అంచేతనే ఫోనులో పేరు చెప్పాలంటే "ఎస్ అంటే సీత, ఎఫ్ అంటే ఫాదర్" అని ఒక్కో అక్షరానికీ సాక్ష్యం చెప్పుకునేవాళ్ళం. కొత్త ఫోన్లు 7,000 దాకా మోస్తున్నాయి గనక ఆ తిప్పలు తగ్గాయి. 1920ల్లో అమెరికా రేడియోలోనూ ఇదే ఇరుకు. స్టేషన్లు ఒకదానిమీద ఒకటి పడకుండా హద్దులు గీసేసరికి ధ్వనికి దక్కింది సుమారు 5,000 హెర్ట్జ్. ఆడవారి హల్లులు మగవారి హల్లులకన్నా ఇంకొంచెం పైన వుంటాయి కనుక ఆ కత్తెర వారి మాటకే ఎక్కువ తగిలింది. తీరా శ్రోతలేమన్నారు? రేడియోలో ఆడగొంతు కీచుగా వుందన్నారు! 1927లో బెల్ ప్రయోగశాలల పత్రికలో స్టీన్‌బర్గ్ అనే ఆయన ఏకంగా 'స్త్రీలను అర్థం చేసుకోవటం' అనే శీర్షికతో వ్యాసం రాసి, ఆడవారి మాట మృదువుగా, అదుపులో వున్నప్పుడే రాణించేట్టు ప్రకృతి ఏర్పాటు చేసిందని తేల్చేశాడు. చూశారా! కత్తిరించింది యంత్రం, తప్పు గొంతుది.

అది చదివి నాకు ఒళ్ళు మండింది. తర్వాత కాసేపటికి సిగ్గేసింది. మూడేళ్ళుగా నేను చేసిందీ అదేగా? నా మాట అందటం లేదంటే తప్పు మా అత్తగారి మనసుదే అనుకున్నాను.

మన లోపలి చెవిలో నత్తగుల్లలాంటి చిన్న అవయవం వుంది. ఆ గుల్ల ద్వారం దగ్గర సన్నటి ధ్వనులూ, లోపలి కొసన బొంగురు ధ్వనులూ నమోదవుతాయి. దాని మర్మం చెప్పి 1961లో నోబెల్ అందుకున్న బెకెషీ కూడా బుడాపెస్ట్‌లో టెలిఫోను శాఖలో పనిచేసినవాడే! ఆ గుల్లలో వేల సంఖ్యలో సూక్ష్మమైన కణాలుంటాయి. పోతే మళ్ళీ మొలవవు. వయసు మీదపడినా, పెద్ద చప్పుళ్ళ పాలబడినా ముందు దెబ్బతినేవి ద్వారం దగ్గరివి. 85 డెసిబెల్స్‌లో ఎనిమిది గంటలు వుండొచ్చనీ, ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతుందనీ అమెరికాలో వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ 1998లో ఒక లెక్క ఇచ్చింది. ఆ లెక్కన 100 డెసిబెల్స్ ఊరేగింపు స్పీకరు పక్కన నిలబడగలిగేది పావుగంటే. పెళ్ళివాళ్ళు ఈ ముక్క గుర్తుంచుకోవాలి.

మర్నాడే అత్తయ్యని చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టి, ఒక్కో ఫ్రీక్వెన్సీ వినిపిస్తూ, ఎన్ని డెసిబెల్స్ దగ్గర వినపడిందో కాగితంమీద గుర్తుపెట్టారు. ఎడమ నుంచి కుడికి ఫ్రీక్వెన్సీ, పై నుంచి కిందికి డెసిబెల్స్. గీత ఎడమవైపు బాగానే నడిచి, 2,000 దాటేసరికి గోదావరి రేవు మెట్లు దిగినట్టు దిగిపోయింది. ఆ ఒక్క కాగితంలో మా ఇంటి మూడేళ్ళ చరిత్ర వుంది. మావారి బొంగురు గొంతు ఎడమవైపు, గట్టునే వుంది. మృదంగమూ అక్కడే. నా మాటలోని హల్లులు, మా మేనకోడలి పాటలోని పలుకులు కుడివైపు, నీళ్ళలోకి పోయాయి. 'పాలు'లో మొదటి హల్లు మునిగిపోయి అచ్చు మాత్రం తేలితే అది 'కాళ్ళు' అయింది. నేనరిచినప్పుడు పెరిగినవి అచ్చులే. హల్లులు అంతగా పెరగవు, పైగా ఆ హోరులో కొట్టుకుపోతాయి. "వినపడుతూనే వుంది, తెలియటం లేదు" అని ఆవిడ అన్నది దెప్పు కాదు. ఇంజనీర్లు రాసుకున్న సూత్రమే.

చెవి యంత్రం అమర్చారు. అది అన్నిటినీ ఒక్కలాగే పెంచదట. కాగితంమీద గీత ఎక్కడ పడిపోయిందో అక్కడే ఎక్కువ ఆసరా ఇస్తుంది. "నేను పాటకి చేసేదే అది నానమ్మ చెవికి చేస్తోంది," అన్నాడు మావాడు.

వాడూ మళ్ళీ స్పీకర్ల ముందు కూర్చున్నాడు. ఈసారి పిల్ల గొంతు ఒక్క డెసిబెల్ కూడా పెంచలేదు. ఆ గొంతులో పలుకులుండే 2,000, 4,000 మధ్య భాగంలో వయొలినూ కీబోర్డూ కూడా వచ్చి కూర్చున్నాయట. ఆ భాగంలో మాత్రం వాటిని మూడేసి డెసిబెల్స్ తగ్గించాడు. మృదంగం అడుగు హోరు కొంచెం కోశాడు. "ఒకళ్ళ మాట వినపడాలంటే వాళ్ళని అరవమనక్కర్లేదమ్మా. మిగతావాళ్ళు కాస్త జరిగి చోటిస్తే చాలు," అన్నాడు. పాతికేళ్ళు నిండని కుర్రాడు, స్పీకర్ల గురించే అన్నాడు. నాకు మాత్రం మా హాలు కళ్ళముందు కనిపించింది. అందరం ఒక్కసారిగా మాట్లాడే సాయంత్రాలు, మాటల మధ్యలోంచి లేచి వెళ్ళిపోయే పెద్దావిడ.

ఈ కథలో నేను చివరికి దాచుకున్న మనిషొకావిడ వుంది. గ్రాహంబెల్ తల్లి ఎలైజా. పియానో వాయించేది, కానీ చెవులు దాదాపు వినపడవు. అందరూ ఆవిడ వినికిడి గొట్టంలోకి అరిచేవారు. కొడుకు మాత్రం ఆవిడ నుదుటి దగ్గరగా వంగి, తగ్గు స్వరంతో, స్పష్టంగా మాట్లాడేవాడు. తర్వాత చెవిటి పిల్లలకి గురువయ్యాడు. తన శిష్యురాలు మేబెల్‌ని 1877లో పెళ్ళాడాడు. చిన్నప్పుడు జ్వరమొచ్చి ఆవిడ వినికిడి పోయింది. ప్రపంచమంతా చెవికానించుకున్న టెలిఫోనులో ఆ ఇంటి ఇల్లాలు ఒక్కమాట వినలేదు. 1922 ఆగస్టు 4న బెల్ అంత్యక్రియలప్పుడు అమెరికా, కెనడాల్లో ఒక్క నిమిషంపాటు ఫోన్లన్నీ మూగపోయాయి. ధ్వని తీవ్రతని కొలిచే కొలతకి, వినపడని తల్లికి కొడుకూ, వినపడని భార్యకి భర్తా అయిన మనిషి పేరుండటం నాకు న్యాయంగానే తోస్తుంది.

నేనిప్పుడు మా అత్తగారితో వంటింట్లోంచి మాట్లాడను. స్టవ్ తగ్గించి, చేతులు తుడుచుకుని, ఎదురుగా వెళ్ళి కూర్చుని, మొహం కనపడేట్టు, నిదానంగా, గొంతు తగ్గించి చెబుతాను. మొదటిరోజు ఆవిడ నన్ను వింతగా చూసి, "ఏమిటమ్మా, అంత నెమ్మదిగా మాట్లాడుతున్నావు, ఒంట్లో బాగాలేదా?" అంది.

పెళ్ళికి వారం ముందు మావాడు కొత్తగా కలిపిన పాట వినిపించాడు. ఆవిడ మునుపటిలాగే కళ్ళు మూసుకుంది. చేతివేళ్ళు ఒళ్ళో తాళం వేస్తున్నాయి. పాట అయిపోయింది. ఎవరం ఊపిరి తియ్యలేదు.

"రెండో చరణంలో పిల్ల సంగతి ఎగ్గొట్టింది," అంది మా అత్తగారు కళ్ళు తెరిచి. "నేనలా నేర్పలేదు. పిలవండి దాన్ని, మళ్ళీ పాడిద్దాం."